కాన్పు తేదీ చూపే అట్టచక్రం: లెక్క సరే, గీతే చిక్కు

చివరి నెలసరిని బట్టి కాన్పు తేదీని చూపే అట్టచక్రం వరంగల్‌లో సర్జికల్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. రెండు గుండ్రటి అట్టబిళ్లలను నడుమ ఒక రివిటుతో బిగించారు; కింది బిళ్ల అంచున ఏడాది తేదీలు, పైబిళ్ల మీద 40 వారాలు అచ్చయి ఉన్నాయి. నెలసరి మొదలైన రోజు మీద బాణం గుర్తు నిలిపితే, 40వ వారం గీత ఎదుట కాన్పు తేదీ కనిపిస్తుంది. ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి గదా అనవచ్చు గాని, ఈ చక్రం ఫోన్ నంబరు అడగదు, ఇంటి గుట్టు బయటికి పోనివ్వదు.

దీని ఆధారం జర్మన్ ప్రసూతి వైద్యుడు నేగెలే పేరుతో ప్రసిద్ధమైన సూత్రమే: నెలసరి మొదటి రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు, అంటే దాదాపు 280 రోజులు కలపడం. మా తోడికోడలికి తేదీ గుర్తు లేదు. "ఎంగిలిపూల బతుకమ్మ నాడే అయ్యిందక్కా, అందుకే బతుకమ్మ పేర్వలే" అన్నది. 2025లో అది సెప్టెంబర్ 21. చక్రం తిప్పితే 2026 జూన్ 28 వచ్చింది.

అయితే ఈ లెక్క 28 రోజులకొకసారి నెలసరి వచ్చేవారికి మాత్రమే సరిపోతుంది. అండం విడుదలైన తర్వాత నెలసరి వచ్చేదాకా పట్టే కాలం సుమారు 14 రోజులు. అది పెద్దగా మారదు, మారేది దానికి ముందుభాగం. ఆమెకు 35 రోజులకొకసారి వస్తుంది కనుక అండం విడుదల అక్టోబర్ 5న గాక 12 ప్రాంతంలో జరిగి ఉండాలి, కాన్పు తేదీ కూడా జూలై 5కు జరగాలి. ఈ సవరణను గురించి చక్రం మీద ఒక్క ముక్కా లేదు.

అంతకంటే పెద్ద లోపం, గర్భం నిలిచిన రోజును ఒకే గీతగా చూపడం. అండం ఒక రోజుకు మించి బతకదు, వీర్యకణాలు ఐదు రోజుల వరకు నిలవగలవు. కాబట్టి చూపవలసింది ఆరు రోజుల పట్టీని. పైగా వారాల లెక్క నెలసరి నుంచి మొదలవుతుంది గనుక, మొదటి రెండు వారాలు గర్భం లేని రోజులే. గల్ఫ్ నుంచి భర్త సెలవు మీద వచ్చే కరీంనగర్, జగిత్యాల వైపు ఇళ్లలో, ఆయన రాకముందు నుంచే వారాలు లెక్కించడం చూసి అనుమానపడితే ఆ నింద ఎవరి మీద పడుతుందో చెప్పనక్కరలేదు. ఆ సంగతి చక్రం మీదే అచ్చువేసి ఉండాల్సింది.

రివిటు వదులైతే బాణం ఒకటి రెండు రోజులు పక్కకు జరుగుతుంది. కొనేముందు తిప్పి చూసుకోవాలి. ఏమైనా మొదటి మూడు నెలల్లో తీసే స్కాన్‌లో బిడ్డ పొడవును బట్టి వేసే తేదీయే నమ్మదగినది. తొమ్మిది వారాల లోపు స్కాన్‌కూ నెలసరి లెక్కకూ ఐదు రోజులకు మించి తేడా వస్తే వైద్యులు సాధారణంగా స్కాన్ తేదీనే తీసుకుంటారు. ఆ తేదీ మీదైనా కాన్పయ్యేది వందలో నలుగురైదుగురికే.

నర్సింగ్ విద్యార్థులకు, ఆశా కార్యకర్తలకు ఇది కొనదగిన వస్తువే. ఇంట్లో వాడేవారు మాత్రం చక్రం చూపిన తేదీకి తమ నెలసరి 28 రోజులకు ఎంత ఎక్కువో అంత కలిపి, తక్కువైతే తీసివేసి, స్కాన్ అయ్యేదాకా పెన్సిల్‌తో రాసుకుంటే చాలు.