కొన్నేళ్లు వాడాక: హన్మకొండ ఇంట్లో రెండు రకాల కబోర్డులు, వాటిని అమ్మే పేజీలు

సమీక్షకు తీసుకున్నవి రెండు కబోర్డులు. ఒకటి సజ్జ కింద కట్టించిన 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తుది. 18 మి.మీ. ప్లైవుడ్, బయట 1 మి.మీ. సన్‌మైకా (లామినేట్ షీటు), లోపల 0.8, తలుపులకు మెల్లగా వాటంతటవే మూసుకునే సాఫ్ట్ క్లోజ్ ఆటో హింజెస్. రెండోది ఫ్యాక్టరీలో కోసి తెచ్చి ఒక్క రోజులో బిగించి పోయిన స్లైడింగ్ కబోర్డు, ప్రీలామినేటెడ్ పార్టికల్ బోర్డుది, అంటే చెక్కపొట్టును జిగురుతో అదిమి, ముందే లామినేట్ అంటించిన బోర్డు. రెండూ హన్మకొండలో ఒకే ఇంట్లో ఉన్నవే, ఒకే వానలు, ఒకే మే నెల ఎండలు చూసినవే. ఇలాంటివి చేసిచ్చే వర్క్‌షాపులు వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో ఏం చూపిస్తున్నాయి, వాడకంలో ఏం తేలుతోంది అన్నది కూడా ఇందులో భాగమే. ఎందుకంటే ఆ పేజీల్లో కనబడేదంతా సన్‌మైకా రంగు, ప్రొఫైల్ లైటు. పాడయ్యేవి మాత్రం అడుగు, వెనక, అంచు.

ముందు అడుగు సంగతి. వరంగల్, హన్మకొండ లోతట్టు కాలనీల్లో 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అంత వరద రాకపోయినా రోజూ తడిగుడ్డ పెట్టే ఇల్లే కదా. ప్లైవుడ్ కబోర్డు 4 అంగుళాల పీవీసీ కాళ్ల మీద నిలబడి ఉంది, ముందు ఆ కాళ్లను మూసే స్కర్టింగ్ పలకను క్లిప్పులతో తగిలించారు. పలక లాగేసి ఊడ్చి, తుడిచి మళ్లీ నొక్కితే సరి. పెట్టె అడుగు ఇప్పటికీ పొడిగానే ఉంది. పార్టికల్ బోర్డు దానికి పక్క పలకలు నేరుగా టైల్స్ మీదికే దిగాయి. తుడిచిన తడి తగిలే ఒకటిన్నర అంగుళం మేర బోర్డు ఉబ్బింది, నిలువంచును మూసే బీడింగ్ పట్టీ నోరు తెరిచింది, గోటితో గీకితే పొట్టు రాలుతోంది. ఉబ్బిన పార్టికల్ బోర్డు ఎండినా మునుపటి మందానికి రాదు. దీనికి కారణం ఒక్క బోర్డే అనలేం. కంటికి కనబడదు కాబట్టి అడుగంచుకు బీడింగే అంటించలేదు. ఆర్డరిచ్చేటప్పుడు 'నాలుగంచులకూ బీడింగ్, కింద కాళ్లు' అని కొటేషన్‌లో రాయించుకోవాలి. నోటిమాటగా చెప్తే బిగించే కుర్రాళ్ల దాకా ఆ మాట చేరదు.

ప్లైవుడ్ విషయంలో షాపువాళ్లు 'వాటర్‌ప్రూఫ్' అనే ఒక్క మాటతో సరిపెడతారు. షీటు మీద ముద్ర చూడాలి. ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం. ఐఎస్ 303 కింద ఎంఆర్ (చెమ్మను కొంత ఆపేది), బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని కొంత తట్టుకునేది) రకాలు వస్తాయి, ఐఎస్ 710 అంటే బీడబ్ల్యూపీ (మరిగే నీటికీ చెడనిది), మెరైన్ రకం. బట్టల కబోర్డు మొత్తానికి 710 పెట్టడం అనవసర ఖర్చు అని మా అభిప్రాయం. బాత్‌రూమ్ గోడకు ఆనే పక్క పలక, అడుగు పలక 710 పెట్టి, మిగతాది బీడబ్ల్యూఆర్ పెడితే చాలు. ఎంఆర్ మాత్రం వద్దు. ముద్ర సన్‌మైకా కింద దాగిపోతుంది కాబట్టి అంటించకముందే ఫొటో అడగాలి. లెక్క కూడా తెలిసి ఉండాలి. 7×7 కబోర్డును 24 అంగుళాల లోతుతో, రెండు పెట్టెలుగా, ఆరు అరలు, రెండు డ్రాలతో చేస్తే తరుగు కలుపుకొని 18 మి.మీ. షీట్లు (8×4) ఏడు దాకా పడతాయి, వెనక్కి 6 మి.మీ. షీట్లు రెండు. నాలుగు షీట్లతో అవుతుందన్నారంటే తలుపులకో, అరలకో వేరే సరుకు వాడుతున్నారని అర్థం.

ఇక వెనక. బాత్‌రూమ్ గోడ చెమ్మ తెల్ల పొడిగా పూసి, వెనక పలకను మెత్తబరుస్తుంది. పెట్టెను గోడకు అతికించకుండా అర అంగుళం ఖాళీ వదిలి, ముందు నుంచి ఆ సందును పట్టీతో మూయాలి. వెనక పలకకు రెండు వైపులా లామినేట్ ఉండాలి. చెదలు ఎక్కువగా గోడ, నేల కలిసే చోటి నుంచే ఎక్కుతాయి. అందుకే డ్రిల్లు చేసి మందు పోయించే పని కబోర్డు బిగించకముందే అయిపోవాలి, తర్వాత ఆ మూల చేతికందదు. పాత ఇళ్లలో కడప బండల గోడ అలమరలుంటే మాత్రం పగలగొట్టించకండి. ఆ బండకు చెద పట్టదు, అది ఉబ్బదు, వంగదు. లోతు తక్కువ కాబట్టి హ్యాంగర్లు పట్టవంతే. మడతబట్టలకు, కాగితాలకు అంతకన్నా గట్టి అర లేదు, తలుపులు మార్పిస్తే సరిపోతుంది.

లోపలి కొలతల దగ్గర స్లైడింగ్ బాగా దెబ్బతీసింది. హ్యాంగర్ వెడల్పే 17 నుంచి 18 అంగుళాలు, దానికి చొక్కా భుజాలు అదనం. తలుపులు తెరుచుకునే కబోర్డుకు బయటి లోతు 24 అంగుళాలు చాలు. స్లైడింగ్‌లో రెండు తలుపుల పట్టాలే 3 నుంచి 4 అంగుళాలు మింగేస్తాయి. అదే 24 అంగుళాల్లో ఇరికిస్తే లోపల మిగిలేది 20, తలుపు జరిపినప్పుడల్లా చొక్కా చేతులు దానికి రాసుకుంటాయి. స్లైడింగ్ అయితే 26 లేదా 27 లేనిదే ఒప్పుకోవద్దు. గది ఇరుకైతేనే స్లైడింగ్ తీసుకోండి. సగం కబోర్డు ఎప్పుడూ మూసే ఉంటుంది, కింది పట్టాలో వెంట్రుకలు, దుమ్ము చేరితే రోలరు ఎగిరెగిరి పడుతుంది. వారానికోసారి పాత టూత్‌బ్రష్షుతో ఊడవాల్సిందే.

వేలాడే చొక్కాలకు రాడ్డు కింద 40 నుంచి 42 అంగుళాలు, పొడుగు కుర్తాలు, డ్రెస్సులకు 60 నుంచి 66 ఖాళీ కావాలి. ఇళ్లలో ఎక్కువ చోటు అడిగేవి చీరలు. కానీ చాలా డిజైన్లలో చీరకంటూ అర ఉండదు, అన్నీ ఒకే ఎత్తులో 15 అంగుళాల అరలే. అంత ఎత్తుంటే చీరలు బొత్తిగా పేరుస్తాం, కిందిది లాగితే పైవన్నీ జారుతాయి. 10 అంగుళాలకు ఒక అర పడితే ఆ బాధ లేదు. పట్టుచీరలను ప్లాస్టిక్ కవర్లో కాక తెల్ల నూలు గుడ్డలో చుట్టాలి. కొన్ని నెలలకోసారి మడత మార్చకపోతే జరీ మడత గీత మీదే తెగుతుంది. నాఫ్తలీన్ గోళీలు జరీకి తగలకూడదు, గుడ్డలో మూటగట్టి మూలన పెట్టాలి. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ జంపఖానాలు ఇంట్లో ఉంటే మడతపెట్టకుండా చుట్టచుట్టి, సజ్జ మీది అరలో అడ్డంగా పడుకోబెట్టేంత పొడవు వదిలించుకోండి. ఆ పైఅరను రెండు ముక్కలు చేయొద్దని ముందే చెప్పాలి.

అరలు వంగడం రెండో పెద్ద ఫిర్యాదు. 18 మి.మీ. ప్లైవుడ్ 3 అడుగుల దాకా బట్టల బరువు మోస్తుంది. అదే మందం పార్టికల్ బోర్డు రెండున్నర అడుగులు దాటితే నడుము వంచుతుంది. వంగిన అరను తిరగేసి పెట్టడం తాత్కాలికమే. ముందంచు కింద ఒకటిన్నర అంగుళం పట్టీని నిలువుగా బిగిస్తే ఆగింది.

డ్రాలు 45 మి.మీ. టెలిస్కోపిక్ చానెళ్ల (ఒకదాన్లోంచి ఒకటి సాగే పట్టాల) మీద నడుస్తున్నాయి. ఒక్కో పక్కన చానెల్ పన్నెండున్నర మి.మీ. తీసుకుంటుంది కాబట్టి డ్రా పెట్టె వెడల్పు లోపలి ఖాళీ కంటే 25 లేదా 26 మి.మీ. తక్కువుండాలి. 23 ఉంచితే బేరింగులు గీరుకుంటాయి, 30 అయితే డ్రా ఊగుతుంది, ఒక రోజు చానెలే ఊడుతుంది. ఇంకొకటి ఉంది, డిజైన్ గీసేవాళ్లు తరచూ మరిచిపోతారు. తలుపు వెనక లోపలి డ్రా ఉంటే, తెరిచిన తలుపు మందం, హింజ్ మోచేయి డ్రా దారికి అడ్డం వస్తాయి. హింజ్ వైపు కనీసం 20 మి.మీ. ఫిల్లర్ పట్టీ (ఎడం కోసం పెట్టే చెక్క) పెట్టి, దాని మీద చానెల్ బిగించాలి. లేదంటే తలుపు పూర్తిగా తెరిచినా డ్రా ముందంచు తలుపు సన్‌మైకాను గీస్తూనే బయటికొస్తుంది. చానెల్ గట్టిపడితే కొందరు కొబ్బరినూనె పోస్తారు, దాంతో దూది నూగు జిడ్డుకు అంటి ఇంకా బిగుస్తుంది. పొడి బ్రష్షుతో దులపడమే మందు.

7 అడుగుల తలుపుకు నాలుగు హింజెస్ ఉండాలి, మూడుతో సరిపెట్టిన చోట ఏడాదికే తలుపు పైమూల కిందికి దిగింది. తలుపు వెడల్పు 21 అంగుళాలు దాటించకూడదు, రెండు పక్కలా దాదాపు ఒకే మందం సన్‌మైకా వేయాలి. బయట 1 మి.మీ., లోపల ఉత్త పెయింటు అంటే తలుపు వంపు తిరుగుతుంది. పక్క తలుపుకు రాసుకుంటే కార్పెంటర్ కోసం ఎదురుచూడక్కర్లేదు. హింజ్ మీద తలుపుకు దగ్గరున్న స్క్రూ పక్కకి జరుపుతుంది, వెనకున్నది లోపలికి, బయటికి జరుపుతుంది, ఎత్తు మాత్రం పెట్టె పక్కకు బిగించిన హింజ్ ప్లేటు స్క్రూలు వదులు చేసి సరిచూడాలి. పార్టికల్ బోర్డులో స్క్రూ వదులైతే అదే రంధ్రంలో ఇంకా లావు స్క్రూ దించొద్దు, బోర్డు చీలుతుంది. వెదురు పుల్లకు ఫెవికాల్ పూసి రంధ్రం నిండేలా కొట్టి, ఆరిన మర్నాడు అదే స్క్రూ బిగించాలి.

అద్దం గురించి ఒక్క వాక్యం: న్యూట్రల్ సిలికాన్‌తోనే అంటించాలి, పులుపు వాసనొచ్చే మామూలు సిలికాన్ వెనక పూతను తినేస్తుంది.

మార్కులంటే ప్లైవుడ్ దానికి ఐదుకు నాలుగు, స్లైడింగ్‌కు రెండు. స్లైడింగ్‌కు ఆ రెండైనా తలుపుల ఫినిషింగ్‌కే.

ఇప్పుడు పేజీలు. ఇక్కడి వర్క్‌షాపుల ఇన్‌స్టా చూస్తే సగం పోస్టులు ఎక్కడివో దించుకున్న త్రీడీ బొమ్మలే. అవి హన్మకొండ ఇల్లు కాదని చూడగానే తెలుస్తుంది, ఎందులోనూ సజ్జ ఉండదు. నిజంగా చేసిన పని పెట్టండి. చూసేవాడికి కావలసింది మూసిన తలుపు కాదు, షీటు మీద ముద్ర, అడుగంచు బీడింగ్, కాళ్ల మీద నిలబెట్టిన ఖాళీ పెట్టె, బట్టలు నింపిన డ్రా ఒక వేలితో మూసుకోవడం. వీటికి నిలువుగా 30 సెకన్ల రీల్ చాలు. ఆ పెట్టె కొలత, బోర్డు గ్రేడు, హింజ్‌ల సంఖ్య తెలుగులో సొంత గొంతుతో చెప్పండి. అరిగిపోయిన పాట కంటే మన యాసలో చెప్పిన మాటకే ఫోన్లు వస్తాయి, పాట హక్కుల గొడవా ఉండదు. అక్షరాలు తెర మధ్యలో వేయండి, కింద వేస్తే బటన్ల వెనక దాగుతాయి.

వీడియో తీసేటప్పుడు ఫోన్‌లోని 0.5 (అల్ట్రావైడ్) లెన్స్ వాడితే పెట్టె గీతలు వంగి, పని వంకరగా చేసినట్టు కనబడుతుంది. ఫోన్ ఛాతీ ఎత్తులో, నిటారుగా, మామూలు లెన్స్‌తో పట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు మినుకుమంటుంటే షట్టర్ 1/50 లేదా 1/100కి మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, లాకర్ ఏ అరలో ఉందో, తాళం ఎక్కడ దాస్తారో, ఇంటి నంబరు ఏంటో కనబడే ఏ ఫ్రేమూ పెట్టకూడదు. ఇంటివాళ్లు సరేనన్నా పెట్టొద్దు.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే, కానీ చాలామంది స్టేటస్ దగ్గరే ఆగిపోతారు, అది 24 గంటల్లో పోతుంది. కేటలాగ్‌లో ఒక్కో డిజైన్‌కు లోతు, బోర్డు, చేర్చినవి, చేర్చనివి రాసిపెడితే అడిగిన వాళ్లకల్లా కొత్తగా టైపు చేసే పని తప్పుతుంది. ధర చదరపు అడుగుకు రాస్తే దేని మీద లెక్కో కూడా రాయాలి. వెడల్పు ఇంటు ఎత్తు అయితే 7×7 కబోర్డు 49 అడుగులు, సజ్జ పైభాగం వేరు, లాకర్, అద్దం, లైటు వేరు. ఈ ఒక్క వివరం లేకే ఆఖరి బిల్లు దగ్గర గొడవలవుతున్నాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఒక్కోదానిలో 256 మంది దాకా పడతారు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. కొలతలకు వెళ్లిన రోజే నంబరు సేవ్ చేయించాలి.

గూగుల్ రివ్యూల కోసం డిస్కౌంట్ ఇవ్వడం వాళ్ల నియమాలకు విరుద్ధం, పేజీకే ఎసరు రావచ్చు. అడగాల్సిన సమయం వేరే ఉంది. బిగించిన రోజు అందరూ బాగుందనే అంటారు. ఒక వానకాలం గడిచాక వెళ్లి, నాలుగు హింజ్ స్క్రూలు సరిచేసి, స్కర్టింగ్ పలక తీసి అడుగు పొడిగా ఉందని వాళ్లకే చూపించి, ఇంటివాళ్లు ఒప్పుకుంటే అదే వీడియో తీసి, అప్పుడు లింకు పంపండి. అలాంటి వీడియో పెట్టిన పేజీ ఈ చుట్టుపక్కల ఒకటి రెండు మించి కనబడలేదు, ఆర్డరివ్వాలంటే ముందు వాళ్లకే ఫోన్ చేస్తాం.