ఆసుపత్రిలో చూపించుకునే బీపీ, ఇంట్లో చూసుకునే బీపీ

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లోని మన తెలుగు కుటుంబాల్లో బీపీ అంటే ఆసుపత్రికి వెళ్లినప్పుడు చూపించుకునేదే అన్న అభిప్రాయం కనిపిస్తుంది. ఆ కొలతకు విలువ ఉంది. అవసరమైతే గుండె, మూత్రపిండాల పరీక్షలు కూడా అప్పుడే చేయించుకోవచ్చు. అయితే బస్సు దిగి, ఎండలో నడిచి, వరుసలో నిలబడి వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుడితే అంకె పెరిగి కనిపించవచ్చు. డాక్టరును చూడగానే కలిగే కంగారు వల్లా కొందరికి అలాగే జరుగుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది దీనికి విరుద్ధమైన స్థితి: ఆసుపత్రిలో మామూలుగా ఉండి, ఇంట్లో ఎక్కువగా ఉండే రక్తపోటు. ఏ బాధా తెలియనివ్వకుండానే అది ఏళ్ల తరబడి రక్తనాళాలను దెబ్బతీసి పక్షవాతానికి, గుండెపోటుకు, మూత్రపిండాల వైఫల్యానికి దారితీయవచ్చు. దాన్ని బయటపెట్టేది ఇంటి కొలతే.

అందుకు మణికట్టుకు కాక పై చేతికి చుట్టే యంత్రం మేలు. టీ తాగాక అరగంట ఆగి, వీపు ఆనించి 5 నిమిషాలు మౌనంగా కూర్చుని, చేయి గుండె ఎత్తులో ఉంచి, ఉదయం, సాయంత్రం రెండేసిసార్లు 7 రోజులు చూసి, మొదటి రోజువి వదిలి మిగిలినవాటి సగటు తీయాలి. ఆసుపత్రిలో 140/90 హద్దయితే ఇంట్లో 135/85 హద్దు.

నా మొగ్గు ఇంటి కొలతకే. కానీ రాసుకున్న పుస్తకం డాక్టరుకు చూపించాలి, అంకె తగ్గిందని మాత్రలు సొంతంగా మానకూడదు. 180/120 దాటి ఛాతీ నొప్పో, మాట తడబాటో ఉంటే మాత్రం మళ్లీ కొలుస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి చేరాలి.