భద్రాచలం ప్యాకేజీ టూర్: డోర్నకల్ చర్చికి ఇరవై నిమిషాలట!

రేటింగ్: ఐదుకి రెండు. ఆ రెండూ ఎవరికో చివర్లో చెప్తాను.

హన్మకొండలో ఒక ట్రావెల్స్ వాళ్లు ఒకరోజు టూర్ వేస్తున్నారు. భద్రాచల రాముడి దర్శనం, దారిలో డోర్నకల్ కెథడ్రల్. మనిషికి 1,850 రూపాయలు, టిఫినూ భోజనమూ అందులోనే. మా ఆవిడ రాముడి కోసం ఎక్కింది. నేను ఎక్కింది డోర్నకల్ కోసం.

ఎందుకంటే, నేను గూడ్స్ గార్డుగా రిటైరయ్యాను. కొత్తగూడెం వైపు లైను చీలేది డోర్నకల్ జంక్షన్ దగ్గరే. బొగ్గు బండిని లూప్ లైన్లో పెట్టేసి ఎక్స్‌ప్రెస్‌లన్నీ వదిలేదాకా బ్రేక్ వ్యాన్లో కూర్చుని ఎన్ని రాత్రులు దోమలు కొట్టుకున్నానో లెక్క లేదు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఊళ్లోకి వెళ్లింది లేదు. స్టేషన్ బోర్డు చూడటమే, పచ్చలైటు పడగానే వెళ్లిపోవడమే.

పొద్దున ఐదున్నరకి వస్తామన్న టెంపో ఆరూ నలభైకి వచ్చింది. ఇడ్లీలు చల్లారిపోయాయి, చట్నీ పులిసింది. సరే, ఇవన్నీ ప్యాకేజీల్లో మామూలే అని ఊరుకున్నాను.

డోర్నకల్‌లో దిగగానే గైడు కుర్రాడు వాచీ చూసుకుని, "ఇరవై నిమిషాలే సార్! బ్రిటిష్ దొరలు కట్టించిన చర్చి. అన్ని స్టైల్సూ మిక్స్ చేశారు, ఫొటోలకి మస్తుంటది" అన్నాడు. అంతే. చెప్పాల్సింది అయిపోయింది.

మా ఆవిడ చెప్పులు విడిచి లోపలికి వెళ్లి ఒక స్తంభం మీద చెయ్యి వేసి నిలబడింది. "ఏమండీ, ఇది మన గుడి మండపంలా లేదూ?" అంది. పైన చూస్తే గుమ్మటాలు, మినార్లు, మసీదుని తలపిస్తాయి. మధ్యలో సిలువ. అసలు ప్రశ్న మా ఆవిడే వేసింది. దానికి జవాబు చెప్పాల్సిన గైడు బయట సెల్ఫీ స్టిక్ సర్దుతున్నాడు.

నాకు తెలిసిన జవాబు నేను చెప్పాను. కట్టించినాయన దొర కాదు. అప్పటి తిరునల్వేలి జిల్లా వెల్లాలన్‌విలైలో 1874లో పుట్టిన తమిళుడు, వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1909లో డోర్నకల్ వచ్చాడు, అప్పుడిది నిజాం రాజ్యం. తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ని బిషప్‌ని చేశారు. ఆంగ్లికన్ చర్చిలో, అంటే ఇంగ్లండ్ దొరల చర్చి శాఖలో, బిషప్ అయిన మొదటి భారతీయుడు. ఆయన్ని వేసిన చోటు కలకత్తా కాదు, మద్రాసు కాదు, మా బొగ్గు బండ్లు ఆగే డోర్నకల్.

అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో మిషనరీల పెద్ద సభలో నిలబడి వాళ్ల మొహం మీదే చెప్పాడు: మీరు మా పేదలకి తిండి పెట్టారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు కావాల్సింది ప్రేమ, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. దొరల పెత్తనంలో నడిచే చర్చిలో ఉంటూ దొరల సభలోనే ఈ మాట అనడానికి ఎంత గుండె ఉండాలి! నేను డివిజనల్ ఆఫీసులో లీవు అడగడానికే మూడుసార్లు నీళ్లు తాగేవాణ్ని.

క్రైస్తవుడు కావడానికి దొరలా మారక్కర్లేదన్నది ఆయన వాదన. ఆ వాదననే రాయితో కట్టాడు. గైడు చెప్పినట్టు అది ఫొటోల కోసం చేసిన మిక్సింగ్ కాదు. ఏళ్ల తరబడి కట్టి, 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ (బాల యేసుని చూడటానికి తూర్పు దేశపు జ్ఞానులు వచ్చిన రోజు) నాడు ప్రతిష్ఠ చేశారు. ఆ పండుగ పేరే చర్చికి పెట్టారు.

నాతో పనిచేసిన లోకో పైలట్ ఒకాయనది ఆ డయోసిస్సే, అంటే ఆ బిషప్ కిందికి వచ్చే ప్రాంతమే. వాళ్ల తాతగారు మాదిగవాడలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లట. బిషప్ ఎడ్లబండి మీద ఊళ్లు తిరిగేవారు. బాప్తిస్మం పొందినవాళ్లని ఎవరి చెయ్యి వాళ్ల తల మీదే పెట్టుకుని "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అనమనేవారట, అంటే యేసు మాట నలుగురికీ చెప్పకపోతే నాకే కీడు అని. రాత్రి డ్యూటీలో ఈ సంగతి చెప్తూ ఆయన కూడా తన చెయ్యి తల మీద పెట్టి చూపించాడు. ఊళ్లో ఎవరూ దగ్గరికి రానివ్వని మనిషి చేత 'నువ్వే చెప్పాలి' అనిపించడం! మాలా మాదిగా తేడా చర్చి గడప దాటి లోపలికి రాకూడదని కూడా బిషప్ పట్టు.

అలాగని ఆయన్ని ఇవాళ్టి సర్వమత సమ్మేళనాల వక్తలా ఊహించుకుంటే పొరపాటు. 1930లలో మతమార్పిడి విషయంలో గాంధీజీకీ ఆయనకీ గట్టిగా తేడా వచ్చింది. ఆయన తన నమ్మకాన్ని దాచుకోలేదు. నాకు ఆ వాదనలో గాంధీజీ వైపే మనసు లాగుతుంది. కానీ అదే మనిషి క్రైస్తవులు క్రైస్తవులకే ఓటేసే ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు, మేము వేరే గుంపు కాదన్నాడు. రెండు మాటలూ కలిపి చూస్తేనే ఆ గుమ్మటాల కింద ఆ స్తంభాలెందుకున్నాయో అర్థమవుతుంది. చర్చిల శాఖలన్నీ ఒకటి కావాలని 1919 నుంచీ తిరిగాడు. అలా కొన్ని శాఖలు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. ఆయన 1945 జనవరి 1నే పోయాడు.

ఇదంతా నేను సగం చెప్పేసరికే గైడు చప్పట్లు కొట్టి "టైమైంది సార్" అన్నాడు. తర్వాత ఒక హోటల్ ముందు యాభై నిమిషాలు ఆపారు. అక్కడ ఎవరికీ టైం గుర్తు రాలేదు. భద్రాచలంలో దర్శనం మాత్రం బాగా అయింది, మా ఆవిడకి ఈ టూర్ మీద కోపమే లేదు.

ఇక ఆ రెండు స్టార్లు. చర్చి దగ్గర మా ఆవిడ ఇంకా స్తంభం దగ్గరే ఉందని చూసి డ్రైవర్ బండి దిగాడు. ఓనర్ ఫోన్ చేస్తే "టైరులో గాలి చూస్తున్నా అన్నా" అన్నాడు. గాలి చూడటానికి పన్నెండు నిమిషాలు పట్టింది. టైరు జోలికే పోలేదు.

చర్చి కోసమే వెళ్లేవాళ్లు ఈ ప్యాకేజీ తీసుకోవద్దు. కాజీపేటలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే డోర్నకల్‌లో ఆగుతుంది.