చివరి లైను మింగేసిన ఫ్రేము

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో ఒక ఫ్రేముల కొట్టుంది. పేరు చెప్పను. గోడల నిండా వేంకటేశ్వరస్వామి, పద్మావతమ్మ పటాలు. వాటి మధ్యకి నేనొక ఆస్ట్రేలియా ఆటగాడి పాత ఫొటో ప్రింటు తీసుకెళ్లాను. కొట్టాయన కళ్లద్దాలు పైకి తోసి చూశాడు. "ఎవురు సామీ ఈయన? మీ తాతా?"

తాత కాదు, హెరాల్డ్ హార్డర్. నేను బడిలో పీఈటీని. పిల్లలకి రగ్బీ బంతి కొన్నాక, వింగర్ అంటే ఎవరో చూపిద్దామని ఈ పటం. మావాళ్లకి కబడ్డీలో కార్నర్ తెలుసు. వింగర్ కూడా అంచునే ఉంటాడు. కాకపోతే ఈ ఆటలో చేత్తో బంతిని ముందుకి విసరకూడదు. చేతులు మారుతూ తన దాకా వచ్చేవరకు కాచుకుని, అందగానే గీత పక్కన దౌడు తీయాలి.

ఫొటో కింద నాలుగు లైన్లు టైపు చేయించాను. సిడ్నీలో రగ్బీ లీగ్ (జట్టుకి 13 మంది ఆడే రగ్బీ) పోటీలు 1908లో మొదలైతే, హార్డర్ 1912లో సౌత్ సిడ్నీ తరఫున దిగాడు. మొత్తం 136 మ్యాచుల్లో 152 ట్రైలు! బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకి ఆనిస్తే ఒక ట్రై. అప్పట్లో ట్రైకి 3 పాయింట్లే, ఇప్పుడు 4. 1920లో నార్త్ సిడ్నీకి మారాడు. ఆ జట్టు 1921, 1922లో టైటిల్ కొట్టింది, రెండోసారి ఫైనల్లో గ్లీబ్‌ని 35-3తో ఓడించి. ఫస్ట్ గ్రేడ్‌లో, అంటే పై స్థాయి పోటీలో, వాళ్లకి దక్కినవి ఆ రెండే. చివరి లైను: 1924లో తిరిగి సౌత్ సిడ్నీకి.

పనితనానికి వంక పెట్టలేను. మూలల్లో సందు లేదు, గ్లాసు లోపల నలుసు లేదు. 650 రూపాయలు, చెప్పిన రోజుకే ఇచ్చాడు. తీరా చూస్తే మౌంటు, అదే ఫొటో చుట్టూ పెట్టే అట్ట, కింది వైపు పైదాకా వచ్చి చివరి లైనుని మింగేసింది.

"ఒక్క లైనే కదా సామీ, ఎవురు చదువుతారు?"

ఆ లైను లేకపోతే మనిషి నార్త్ సిడ్నీలోనే ఉండిపోతాడయ్యా అన్నాను. నవ్వాడు గానీ కొత్త మౌంటుకి 80 అడిగాడు. తప్పు ఆయనది, డబ్బు నాదా? బేరమాడి 50 ఇచ్చాను, అదీ దండగే అనిపించింది. అరగంటలో మేకులు ఊడదీసి, మళ్లీ కోసి, శుభ్రంగా బిగించాడు.

దేవుడి పటాలైతే ధైర్యంగా ఇచ్చి రావచ్చు. కింద రాత ఉంటే మాత్రం మౌంటు కోసేటప్పుడు పక్కనే నిలబడండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొట్టు మూసి ఉంటుంది.