రక్తం పలచబడే మందు వాడేవారికి ఏ మెగ్నీషియం మేలు: గ్లైసినేటా, సిట్రేటా, ఆక్సైడా?

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఎసిట్రోమో, వార్ఫరినో, అపిక్సాబాన్ లాంటి కొత్త మందో వాడుతున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. మెగ్నీషియం వేసుకుంటే దడ తగ్గుతుందట, ఏ రకం కొనాలి?

రకం సంగతికి ముందు ఒక్క మాట. ఒంట్లో మెగ్నీషియం తగ్గితే గుండె లయ తప్పే అవకాశం పెరుగుతుంది, ఆ లోటు తీర్చడం అవసరం. లోటు లేనివారికి మాత్రలతో ఫిబ్రిలేషన్ తగ్గుతుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. ఆస్పత్రిలో సెలైన్‌తో ఎక్కించే మెగ్నీషియం సల్ఫేట్ వేరే వ్యవహారం, దాన్ని చూపించి మాత్రలు కొనకూడదు. లోటు ఎక్కువగా వచ్చేది ఫ్యూరోసెమైడ్ లాంటి మూత్రం మందులు వాడేవారికి, ఏళ్ల తరబడి పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర వేసుకునేవారికి, మద్యం అలవాటున్నవారికి, షుగర్ అదుపులో లేనివారికి. అందుకే కొనేముందు మెగ్నీషియం, పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మూడూ కలిపి చూపించుకోండి. రక్తంలో మెగ్నీషియం డెసిలీటర్‌కి సుమారు 1.7 నుంచి 2.2 మిల్లీగ్రాముల వరకు ఉంటే మామూలే. అయితే శరీరంలోని మొత్తంలో రక్తంలో ఉండేది 1 శాతం లోపే కాబట్టి, మామూలు అంకె వచ్చినంత మాత్రాన లోటు లేదని తేల్చలేం. క్రియాటినిన్‌ని బట్టి లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం) 30 లోపు ఉంటే ఏ రకమూ సొంతంగా వేసుకోవద్దు. కిడ్నీ బయటికి పంపలేని మెగ్నీషియం పేరుకుపోయి బీపీని, నాడిని రెండింటినీ పడగొడుతుంది. నాడిని నెమ్మదింపజేసే మెటోప్రొలాల్, డిల్టియాజెమ్ వాడేవారిలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇక రకాల్లోకి వస్తే, అందరూ చూసేది ఎంత ఒంటికి పడుతుందని. రక్తం పలచబడే మందు వాడేవారు చూడాల్సింది మాత్రం ఏది విరేచనాలు తెప్పిస్తుందని. పేగులో మిగిలిపోయిన మెగ్నీషియం నీళ్లను లాగుతుంది. రోజుకి మూడు నాలుగుసార్లు పల్చగా వెళ్తే పొటాషియం పోతుంది, లయ మరింత తప్పుతుంది. ఆకలి మందగించి, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె తగ్గడంతో వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవారి ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే అంకె) ఎగబాకుతుంది. నీరు తగ్గి కిడ్నీ మందగిస్తే కొత్త మందులు ఒంట్లో నిలిచిపోతాయి. డాబిగాట్రాన్ దాదాపు 80 శాతం కిడ్నీ గుండానే పోతుంది, అపిక్సాబాన్‌లో ఆ భాగం పావు వంతు మాత్రమే. దడ తగ్గడానికి వేసుకున్న మాత్ర అటు దడనీ, ఇటు రక్తస్రావాన్నీ తెచ్చేది ఈ దారిలోనే.

ఆ లెక్కన ఆక్సైడ్ అడుగున నిలుస్తుంది. బరువులో 60 శాతం మెగ్నీషియమే, ధర తక్కువ, చిన్న మాత్ర. కానీ ఒంటికి పట్టేది కొద్దిగానే, మిగతాదంతా పేగులో పని చేస్తుంది. పైగా అది కడుపులో ఆమ్లాన్ని చంపుతుంది. డాబిగాట్రాన్ కరగాలంటే ఆ ఆమ్లం కావాలి.

సిట్రేట్ బాగానే పడుతుంది, బరువులో సుమారు 16 శాతం మెగ్నీషియం. అయితే మోషన్ వదులు చేసే గుణం దానికి సహజం. ఎప్పుడూ మలబద్ధకంతో బాధపడేవారికి అదే మేలు, మిగతావారికి కాదు. మలబద్ధకానికి లిక్విడ్ పారాఫిన్ కలిపిన సిరప్‌లు మాత్రం వార్ఫరిన్ మీద ఉన్నవారు రోజూ తాగకూడదు. పారాఫిన్ విటమిన్ కె ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది.

నా ఓటు గ్లైసినేట్‌కే. సాధారణంగా పేగుని ఇబ్బంది పెట్టదు. కాకపోతే సీసా మీద మోసపోయేది దీనితోనే. శుద్ధమైన గ్లైసినేట్‌లో మెగ్నీషియం 14 శాతమే. అంటే 200 మిల్లీగ్రాముల మెగ్నీషియం కావాలంటే 1,400 మిల్లీగ్రాముల పొడి పట్టాలి, అవి రెండు పెద్ద క్యాప్సూల్స్. ఒక్క చిన్న మాత్రలోనే 200 ఉందని రాసి ఉంటే అందులో ఆక్సైడ్ కలిసిందనే అర్థం. 'బఫర్డ్' అనే మాట కనిపించినా అంతే. ఎప్పుడూ 'ఎలిమెంటల్' (అంటే అసలు మెగ్నీషియం ఎంతో) పక్కనున్న అంకెనే చూడండి.

టౌరేట్‌ని గుండె కోసమే అని అమ్ముతారు, మనుషుల్లో ఆ మాటకి తగ్గ ఆధారం లేదు. థ్రియోనేట్ ఖరీదెక్కువ, అందులో మెగ్నీషియం తక్కువ. ఎప్సమ్ ఉప్పు తాగడం వద్దే వద్దు.

రకం కన్నా ముందు లేబుల్ వెనకవైపు వెతకాల్సిన మాట ఒకటుంది: విటమిన్ కె2, లేదా ఎంకె-7. మన మందుల షాపుల్లో ఎముకల బలానికని ఇచ్చే క్యాల్షియం, మెగ్నీషియం, డి3 మాత్రల్లో చాలావాటిలో ఇది ఉంటుంది. వార్ఫరిన్, ఎసిట్రోమ్ పనిని ఇది నేరుగా దెబ్బతీస్తుంది, ఐఎన్‌ఆర్ పడిపోతుంది, గడ్డ కట్టే ప్రమాదం తిరిగొస్తుంది. అపిక్సాబాన్, రివరోక్సాబాన్, డాబిగాట్రాన్‌లకి ఈ గొడవ లేదు. పసుపు సారం, చేప నూనె, జింకో కలిపిన మిశ్రమాలు ఏ మందు మీద ఉన్నవారికీ వద్దు.

డాక్టర్ సరే అన్నాక 100 మిల్లీగ్రాములతో, భోజనం తర్వాత మొదలుపెట్టండి. వారం గడిచినా మోషన్ మామూలుగా ఉంటే 200కి పెంచవచ్చు, చాలామందికి అక్కడ ఆగితే చాలు. పల్చబడితే వెనక్కి తగ్గండి. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వారు మొదలుపెట్టిన వారం పది రోజుల్లో ఐఎన్‌ఆర్ చూపించుకోవాలి, బ్రాండ్ మార్చినా మళ్లీ చూపించుకోవాలి. డాబిగాట్రాన్ పొద్దున, రాత్రి వేసుకుంటారు కాబట్టి మెగ్నీషియాన్ని మధ్యాహ్న భోజనానికి జరపండి. గుండె మందులు డిగాక్సిన్, సొటలాల్‌కి 2 గంటలు, థైరాయిడ్ మాత్రకి 4 గంటలు ఎడం ఉండాలి.

తిండితో సరిపెట్టుకోవాలనుకుంటే రాగి, జొన్న, పెసలు, గుమ్మడి గింజలు మంచివి, విటమిన్ కె వీటిలో తక్కువ. మునగాకు, తోటకూరలో మెగ్నీషియంతో పాటు విటమిన్ కె కూడా బాగా ఉంటుంది. మానేయక్కర్లేదు, వారం వారం తినే మోతాదు ఒకేలా ఉంచండి.

మలం నల్లగా, తారులా జిగటగా వస్తే అది మెగ్నీషియం పని కాదు, రక్తస్రావం కావచ్చు. మాత్ర ఆపి చూద్దామని ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. రక్తం పలచబడే మందుని మాత్రం డాక్టర్ చెప్పకుండా మానకండి.