బెంగళూరులో సైకాలజిస్టు కావాలంటే: ఏ దారి ఎంతవరకు పనికొస్తుంది

బీటీఎం, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు 'కౌన్సెలింగ్ సెంటర్' బోర్డులకు కొదవ లేదు. వారాంతపు సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్లూ, హిప్నోథెరపీ నేర్చుకున్నవాళ్లూ, లైఫ్ కోచ్‌లూ అందరూ ఆ బోర్డు కిందే కూర్చుంటారు. పేరు ముందు 'డాక్టర్' ఉన్నా అది పీహెచ్‌డీ కావచ్చు. మనం గట్టిగా సరిచూసుకోగలిగిన హోదా ప్రధానంగా క్లినికల్ సైకాలజిస్ట్. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎక్కువమంది చదివి ఉండేది పీజీ తర్వాత రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్. అందులో సీనియర్ల పర్యవేక్షణలో రోగులను చూసి తీరాలి.

ఆర్‌సీఐ రిజిస్టరును ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. కానీ పేరుతో వెతకడం తలనొప్పి. ఇంటిపేరు ముందా వెనకా, ఇనిషియల్ ఉందా లేదా, ఒక్క అక్షరం తేడా వచ్చినా మనిషి దొరకరు. అందుకే అపాయింట్‌మెంట్‌కు ముందే సీఆర్‌ఆర్ నంబరు, అంటే ఆర్‌సీఐ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, దానితో వెతకండి. అడిగినందుకు చిన్నబుచ్చుకునేవాళ్లను వదిలేయడమే మేలు. నంబరు దొరికాక చాలామంది అక్కడే ఆగిపోతారు, అదే పొరపాటు. స్పెషల్ టీచర్లకూ, ఆడియాలజిస్టులకూ, స్పీచ్ థెరపిస్టులకూ నంబరిచ్చేది ఇదే కౌన్సిల్. కాబట్టి కేటగిరీ దగ్గర 'క్లినికల్ సైకాలజిస్ట్' అని ఉందా, గడువు తేదీ దాటిపోయిందా అన్నవి కూడా చూడాలి. పిల్లల ఐక్యూ రిపోర్టు వైకల్య సర్టిఫికెట్ కోసం కావాలంటే ఈ తనిఖీ తప్పనిసరి. సంతకం చేసినవారికి అర్హత లేకపోతే ఆ రిపోర్టు చెల్లదు, పరీక్షకు కట్టిన డబ్బూ పోయినట్టే.

హోసూరు రోడ్డులోని కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కే నాణ్యతలో మా మొదటి మార్కు. ఓపికకు మాత్రం పరీక్షే. నేరుగా సైకాలజిస్టు దగ్గరికి పంపరు. ముందు ఓపీలో సైకియాట్రీ డాక్టర్లు వివరంగా చూసి, అవసరమనుకుంటే క్లినికల్ సైకాలజీ విభాగానికి రాస్తారు. పొద్దున్నే వెళ్లినా ఆ రోజంతా అక్కడే అనుకోండి. పాత చీటీలు, వాడుతున్న మందుల పేర్లు పట్టుకెళ్లండి. థెరపీ చేసేది తరచూ కన్సల్టెంట్ పర్యవేక్షణలో ఉండే ట్రైనీ. అది లోటేమీ కాదు, బయట చాలాచోట్ల ఆ పర్యవేక్షణ కూడా ఉండదు. కాకపోతే వాళ్ల పోస్టింగు మారితే మీ థెరపిస్టూ మారొచ్చు. కొద్దిపాటి ఒత్తిడి, నిద్ర, కాపురం గొడవల లాంటివాటికి బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వాళ్లదే సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది, ఆసుపత్రి వాతావరణం వద్దనుకునేవాళ్లకు అది నయం.

ప్రైవేటు క్లినిక్కుల్లో సెషన్ సాధారణంగా 45 నుంచి 50 నిమిషాలు, ఫీజు ఎక్కువగా 1,000 నుంచి 3,000 రూపాయల మధ్య. ఫీజు ఎక్కువైనంత మాత్రాన అర్హత ఎక్కువని కాదు. ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, ఇలాంటి సెషన్లకు ఇవ్వవు. ఆఫీసువాళ్లిచ్చే ఉచిత కౌన్సెలింగ్ మొదటి అడుగుకు పర్వాలేదు, కానీ సెషన్ల లెక్క త్వరగా అయిపోతుంది, అవతలివారు క్లినికల్ సైకాలజిస్టే కావాలనీ లేదు. యాప్‌ల మీదా ఇదే ఫిర్యాదు. ప్రొఫైల్లో ఫొటో పెద్దగా, అర్హత చిన్నగా ఉంటుంది.

భాష సంగతి ముందే తేల్చుకోండి. ఆఫీసు పని ఇంగ్లిష్‌లో జరిగిపోతుంది గానీ, అత్తగారి మాట గుచ్చుకున్న తీరు ఇంగ్లిష్‌లో చెప్పాలంటే సగం పోతుంది. 'తెలుగు వచ్చు' అంటే అర్థమవుతుందనా, సెషన్ మొత్తం తెలుగులో నడుపుతారనా అని విడమరిచి అడగాలి. రాత్రీ పగలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగు ఎంచుకోవచ్చు. వారం వారం థెరపీకి అది ప్రత్యామ్నాయం కాదు, ఆ పూట గడవనప్పుడు మాత్రం అక్కరకొస్తుంది.

మొదటి సెషన్‌లో అవతలివారు ఏం అడుగుతారో గమనించండి. గుండెదడ, నీరసం అని చెబితే థైరాయిడ్ పరీక్ష చేయించారా అని అడిగేవారు పని తెలిసినవారు. ఓసీడీ (అదే ఆలోచన, అదే పని వదలకుండా వెంటాడే సమస్య) అయితే ఈఆర్‌పీలో, అంటే భయపడేదాన్ని ఎదుర్కొంటూ ఆ పనిని ఆపుకోవడం నేర్పే థెరపీలో శిక్షణ ఉందా అని మీరే అడగండి. ఊరికే ధైర్యం చెబుతూ పోతే ఓసీడీ తగ్గకపోగా బలపడుతుంది. సైకాలజిస్టు మందులు రాయకూడదు, రాస్తే లేచి వచ్చేయండి. పది సెషన్ల ప్యాకేజీ ముందే కట్టమన్నా ఒప్పుకోవద్దు. రద్దు చేసుకుంటే ఎన్ని గంటల ముందు చెప్పాలో అడిగి, మొదటి మూడింటికి విడివిడిగా కట్టి చూడండి.