పాత లెన్సా, మళ్లీ పుట్టిన పాత లెన్సా: ఏది మేలు?

2016లో జర్మనీ కెమెరా కంపెనీ లైకా 28 మి.మీ. సుమరాన్ లెన్స్‌ను మళ్లీ తయారుచేసి అమ్మకానికి పెట్టింది. 1955లో మొదటిసారి వచ్చిన లెన్స్ అది. పూర్తిగా తెరిచినా అపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్ 5.6 మాత్రమే, ఈ అంకె పెద్దదైతే వెలుగు తక్కువ. చీకట్లో పనికిరాదు, మీటరు కంటే దగ్గర వస్తువు మీద ఫోకస్ కుదరదు, ఫొటో మూలలు నల్లబడతాయి. ఈ రోజుల్లో ఇలాంటిది ఎవరికి కావాలి అనిపిస్తుంది. కానీ కావలసినవాళ్లు ఉన్నారు. 2017లో 90 మి.మీ. తంబార్, 2021లో 50 మి.మీ. ఎఫ్ 1.2 నాక్టిలక్స్, 2022లో 35 మి.మీ. ఎఫ్ 1.4 సుమిలక్స్ అదే దారిలో తిరిగొచ్చాయి.

ఈ మోజు ముఖ్యంగా లైకా ఎం లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలు వాడేవాళ్లలోనే ఎందుకుంది? మామూలు ఎస్సెల్లార్ కెమెరాలో మనం లెన్స్ గుండానే చూస్తాం. రేంజ్‌ఫైండర్‌లో వ్యూఫైండర్ వేరే కిటికీ. అందులోంచి అంతా స్పష్టంగానే కనబడుతుంది, లెన్స్ ఏం చేస్తోందో ఫొటో వచ్చాకే తెలుస్తుంది. అందుకే ప్రతి లెన్స్‌కూ ఒక స్వభావం ఉన్నట్టు, దాన్ని నెమ్మదిగా తెలుసుకోవాలన్నట్టు ఉంటుంది. రెండో కారణం సైజు. లెన్స్ పెద్దదైతే వ్యూఫైండర్‌లో కింద కుడి మూలకు అడ్డం వస్తుంది. పాత డిజైన్లు చిన్నవి. సుమరాన్ అయితే బాడీ మీద మూతలా అతుక్కుపోతుంది. ఆ చిన్న సైజు కోసమే దాన్ని కొన్నవాళ్లంటే నాకు పూర్తిగా అర్థమవుతుంది.

ఇక ఎంపికలు మూడు: యాభై, అరవై ఏళ్ల నాటి అసలు లెన్స్, అదే కంపెనీ మళ్లీ తీసుకొచ్చిన రీఇష్యూ, పాత రుచిని పట్టుకుని వేరే కంపెనీ చేసిన కొత్త లెన్స్.

అసలు లెన్స్ సంగతి నా అనుభవంతోనే చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక పాత 50 మి.మీ. లెన్స్ కొన్నాను. దీపాల చుట్టూ మెత్తటి వెలుగు, నీడల్లో లేత బూడిద రంగు. పాత లెన్స్ అందం ఇదే కదా అని రెండేళ్లు మురిసిపోయాను. ఒకరోజు వెనకనుంచి టార్చ్ వేసి చూస్తే లోపలి గాజు మీద పాలపొరలాంటి మసక. విప్పించి శుభ్రం చేయించాక కాంట్రాస్ట్ తిరిగొచ్చింది, నేను ప్రేమించిన వెలుగులో సగం పోయింది. మిగిలిన సగమే ఆ లెన్స్ డిజైన్‌ది. పోయిన సగం వయసు తెచ్చిన జబ్బు. పాత లెన్స్‌లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి, ఏది ఎంతో కొన్నప్పుడు తెలియదు. రీఇష్యూ గొప్పతనం నా దృష్టిలో ఇదొక్కటే: డిజైన్‌ను జబ్బు నుంచి విడదీసి చేతికిస్తుంది.

35 మి.మీ. సుమిలక్స్‌నే తీసుకోండి. 1961లో వచ్చిన మొదటి రకాన్ని ముందు అంచు స్టీల్‌ది కావడం వల్ల స్టీల్ రిమ్ అంటారు. ఎఫ్ 1.4 దగ్గర గోళాకార దోషం పూర్తిగా సరిదిద్దనిది. అంటే గాజు అంచుల గుండా వచ్చే కిరణాలు మధ్యలోంచి వచ్చేవాటితో ఒకేచోట కలవవు. ఫోకస్ ఉన్నచోట వివరం ఉంటూనే దాని మీద పల్చటి వెలుగు పరుచుకుంటుంది. మూలల్లో దీపాలు రెక్కలు విప్పినట్టు సాగుతాయి. ఎఫ్ 2.8కి తగ్గించగానే ఇదంతా తగ్గిపోయి చక్కగా పదునెక్కుతుంది. ఒకే లెన్స్‌లో రెండు లెన్సులున్నట్టే. 2022 రీఇష్యూలో ఈ గుణం అలాగే ఉంది. దాంతోపాటు మసకలేని గాజు, బిగువైన ఫోకస్ రింగు, డిజిటల్ బాడీ లెన్స్‌ను గుర్తుపట్టే ఆరు చుక్కల కోడ్. మీటరు దగ్గరే ఆగిపోయే ఫోకస్‌ను మాత్రం అలాగే ఉంచేశారు. అది నాకు నచ్చలేదు. ఆ దూరంలో అందమేమీ లేదు, అది అప్పటి ఇబ్బంది మాత్రమే. టేబుల్‌కి అవతల కూర్చున్న మనిషి ముఖం తీయాలంటే వెనక్కి జరగాల్సి వస్తుంది.

అదే కొలతలో జపాన్‌కు చెందిన కోసినా అనే కంపెనీ వాయిట్‌లాండర్ పేరుతో చేసే నోక్టన్ క్లాసిక్ ఉంది. పాత సుమిలక్స్ స్ఫూర్తి దాంట్లో స్పష్టంగా కనిపిస్తుంది. గాజు మీద వెలుగు ప్రతిఫలించకుండా వేసే పూత ఒక్కటే ఉన్నది (ఒంటి పూత) ఒకటి, బహుళ పూతలతో ఒకటి, రెండు రకాలుగా వచ్చింది. పాత తరహా తక్కువ కాంట్రాస్ట్ కావాలనుకునేవాళ్లు ఒంటి పూతదాన్నే ఎంచుకుంటారు. 70 సెంటీమీటర్ల దాకా దగ్గరకు వెళ్లవచ్చు. ఖరీదు లైకాతో పోలిస్తే చాలా తక్కువ. లోపాలూ ఉన్నాయి: నిలువు గీతలు కొంచెం బయటికి ఉబ్బుతాయి, మొదటి రకంలో అపర్చర్ మూసేకొద్దీ ఫోకస్ వెనక్కి జరిగేది. 2019లో వచ్చిన రెండో రకంలో ఆ జరుగుడు తగ్గించారు. వెలుగు విషయంలో సుమిలక్స్ అంత సున్నితం కాదని నా అభిప్రాయం. కానీ రోజూ భుజాన వేసుకుని తిరిగేవాళ్లకు మొదట నేను చెప్పేది ఈ లెన్స్ పేరే.

రేంజ్‌ఫైండర్‌లో ఫోకస్ మాట ఇంకొంచెం వివరంగా చెప్పాలి. లెన్స్ వెనక ఉన్న లోహపు రింగు బాడీలోని చిన్న చక్రాన్ని నెడుతుంది. ఆ కదలికను బట్టే వ్యూఫైండర్‌లో రెండు బొమ్మలు కలుస్తాయి. పాత లెన్స్‌ను ఎవరో ఎప్పుడో విప్పి సరిగ్గా బిగించకపోతే కంటికి బొమ్మలు కలిసినట్టే ఉంటాయి, ఫొటోలో మాత్రం కన్నుకు బదులు చెవి పదునుగా వస్తుంది. ఫిల్మ్ కడిగేదాకా తెలియదు. సోవియట్ కాలపు జూపిటర్-3 లెన్స్ వాడినవాళ్లకు ఈ టెన్షన్ బాగా తెలుసు. జర్మనీ కంపెనీ జైస్ సోనార్ డిజైన్‌ను తీసుకుని చేసిన ఆ లెన్సుల్లో చాలావాటికి లైకా బాడీ మీద దగ్గరి ఫోకస్ కుదరదు. 2016లో లోమోగ్రఫీ కంపెనీ జూపిటర్-3 ప్లస్ పేరుతో దాన్ని మళ్లీ తెచ్చినప్పుడు 70 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అయ్యేలా చేసింది. సోనార్ రుచే కావాలంటే జైస్ పేరుతోనే వచ్చిన 50 మి.మీ. సి-సోనార్ ఉంది. దానిలోనూ అపర్చర్ మూసేకొద్దీ ఫోకస్ పక్కకు జరుగుతుంది, అది ఆ డిజైన్ స్వభావం. కానీ అది ఎప్పుడూ ఒకే తీరుగా జరుగుతుంది, కాబట్టి చేయి అలవాటు పడుతుంది. అరిగిపోయిన పాత లెన్స్ తప్పు ఏ తీరుగా ఉంటుందో చెప్పలేం.

నాక్టిలక్స్ దగ్గర లెక్క మారుతుంది. 1966 నాటిది మొత్తం 1,757 మాత్రమే తయారైంది. దానిలో గోళాకారం కాని గాజు ఉపరితలాలను చేత్తో అరగదీయాల్సి వచ్చేది, కష్టం ఎక్కువ, పాడయ్యేవీ ఎక్కువ. నేడు అది వేలం పాటల వస్తువు. రీఇష్యూ కూడా చౌక కాదు, కానీ దాన్ని బయటికి తీసుకెళ్లి ఫొటో తీయవచ్చు. ఈ ఒక్క లెన్స్ విషయంలో పాతదా కొత్తదా అనే ప్రశ్నే నాకు లేదు.

తంబార్ మీద ఎక్కువ చెప్పను. 1935 నాటి మెత్తటి పోర్ట్రెయిట్ లెన్స్, మధ్యలో చిన్న చుక్క ఉన్న ఫిల్టర్‌తో కలిపి వాడేది. మళ్లీ చేసినప్పుడు గాజును కాపాడేందుకు ఒక్క పొర పూత మాత్రం వేశారు. ఆ స్వప్నంలాంటి ముఖాలు నచ్చినవాళ్లకు ఇంకో దారి లేదు. నచ్చనివాళ్లకు అద్దెకు దొరికినా అవసరం లేదు.

మరి అసలు పాతదాన్ని ఎవరు కొనాలి? చేతిలో పట్టుకుని చూసే వీలు, నచ్చకపోతే తిరిగిచ్చే వీలు ఉన్నవాళ్లు. టార్చ్ వెలుగులో లోపలి గాజు చూడండి, అపర్చర్ రెక్కల మీద నూనె ఉందేమో చూడండి, పూర్తిగా తెరిచి మీటరు దూరంలో, అనంతం దగ్గర రెండుచోట్లా తీసి చూడండి. పైపైన సన్నటి గీతలకు భయపడక్కర్లేదు, ఫంగస్‌కు మాత్రం భయపడండి. శుభ్రంగా ఉన్న పాత లెన్స్ దొరికితే అది ఇచ్చే ఆనందం రీఇష్యూ ఇవ్వదని ఒప్పుకుంటాను. ఆ బరువైన ఇత్తడి, ఎవరి వేళ్ల వల్లో అరిగిన రంగు కొత్తగా కొనుక్కోలేం. నా పాత 50 ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కానీ ఒక్కసారే దొరికే ఫొటో కోసం వెళ్లే రోజు బ్యాగులోకి వెళ్లేది నోక్టనే.